బ్రేకు తొక్కితేనే పలికే రేడియో

మా బావకి హామ్ లైసెన్సు, అంటే సరదాకి సొంత రేడియోలో మాట్లాడుకునే అనుమతి, వచ్చింది. రేడియోలో పేరుకి బదులు చెప్పుకునే కాల్‌సైన్, వి.యు.3తో మొదలయ్యేది, చేతికొచ్చినప్పటి నుంచి మామూలు మాటలు మానేశాడు. కూర ఎలా ఉందని అక్క అడిగితే "ఫైవ్ నైన్" అంటాడు. సిగ్నల్ అదిరిందని అర్థమట.

ఆ ఊపులో కారుకి 50 వాట్ల రేడియో సెట్టు కొన్నాడు. సెట్టుతో వచ్చిన పుస్తకంలో స్పష్టంగానే ఉంది: రెండు తీగలూ నేరుగా బ్యాటరీకి వెళ్లాలి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. "అంటే కొత్త కారుకి చిల్లు పెడతారా?" అని అక్క అడ్డం పడింది. ఇంజిన్ వైపు నుంచి తీగలు రావడానికి రబ్బరు గ్రోమెట్, అంటే రబ్బరు తొడుగున్న రంధ్రం, ముందే ఉంటుందని ఆ పూట చెప్పేవాళ్లు లేకపోయారు.

దాంతో ఓ కారు ఎలక్ట్రీషియన్ వచ్చాడు. పక్క సీటు వైపు నుంచి డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి, టెస్ట్ ల్యాంపుతో ఒక్కో తీగే గుచ్చి చూస్తున్నాడు. బావ డ్రైవర్ సీట్లో కూర్చుని, అలవాటుగా కుడికాలు బ్రేకు మీద వేసి, పర్యవేక్షణ. ల్యాంపు వెలిగింది. "దొరికింది సార్!" ఆ తీగకే కలిపి టేపు చుట్టేశాడు.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా రేడియో ఖంగుమని పలికింది. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కగానే మూగబోయింది. "ఇక్కడ సిగ్నల్ లేదు" అని బావ తేల్చేశాడు. 158 కిలోమీటర్ల రోడ్డులో టోల్ గేట్ల దగ్గరే సిగ్నల్ ఎందుకుందో మాత్రం చెప్పలేదు.

చివరికి వెనక సీట్లోంచి అక్క కనిపెట్టింది. "ఏవండీ, మీరు బ్రేకు తొక్కినప్పుడల్లా అది అరుస్తోంది."

"అయితే తొక్కే మాట్లాడతా!" టోల్ క్యూలో బ్రేకు నొక్కిపట్టి, మైకు మీట నొక్కాడు. "సీక్యూ, సీక్యూ..." ఎవరైనా వింటుంటే పలకండి అని పిలవడమట అది. మూడో సీక్యూ రాలేదు. వింటున్నంతసేపూ ఆ సెట్టుకి ఒక ఆంపియర్ కూడా అక్కర్లేదు. మాట్లాడితే పది, పన్నెండు లాగుతుంది. అది బ్రేకు లైట్ల తీగ. దాని ఫ్యూజేమో పది ఆంపియర్లది, అందులో మూడు పైచిలుకు లైట్లే తినేస్తున్నాయి. ఫ్యూజు ఎగిరిపోయింది, వెనక ఎర్ర లైట్లూ ఆరిపోయాయి. క్యూ కాస్త కదిలి ఆగింది. మేం ఆగిన సంగతి వెనక వ్యానుకి తెలియలేదు.

"బ్రేకు లైట్లు లేకుండ బండెట్ల నడుపుతున్నవన్నా?"

"రేడియో పెట్టాం బాబూ, దానివల్ల..."

"పాటలు ఇంటికి పోయి వినొచ్చు గదా!"

వారం తిరక్కుండా ఇంకో ఎలక్ట్రీషియన్ వచ్చి, గ్రోమెట్ లోంచే లావుపాటి తీగలు లాగాడు. ఎర్ర తీగకి బ్యాటరీకి జానెడు దూరంలో 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాడు. నల్ల తీగని బ్యాటరీ పక్కనే, దాని నల్ల తీగ బాడీకి కలిసే బోల్టుకి బిగించాడు. పెడల్స్ దగ్గరికి ఏ తీగా వేలాడకుండా క్లిప్పులు వేశాడు.

వ్యాను గుద్దిన బంపరు బాగుచేయించిన బిల్లు చేతపట్టుకుని బావ మొదటి ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాడు. అతను ఓపిగ్గా అంతా విన్నాడు.

"నేను కరెంటున్న తీగే పట్టుకున్నా సార్. ఆగి ఉన్న బండిలో మీరు బ్రేకెందుకు తొక్కారు?"