మిషన్ ఇచ్చారు సరే, పనెవరిస్తారు?

మొన్న మా ఊళ్ళో ఒక క్రైస్తవ పరిచర్య వాళ్ళు పేద ఆడవాళ్ళకి కుట్టుమిషన్లు పంచారు. షామియానా, ఫ్లెక్సీ, రిబ్బన్లు కట్టిన పదకొండు మిషన్లు. ఒక్కొక్కరినీ స్టేజి మీదకి పిలిచి, "ఈ సహోదరిని భర్త వదిలేశాడు", "ఈ సహోదరి భర్త తాగి తాగి చనిపోయాడు" అని మైకులో చదివి మరీ ఇప్పించారు. ఒకావిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఫోటో తీసే అబ్బాయి, "అమ్మా, కొంగు తియ్యి, ఇటు చూడు" అన్నాడు. అదిగో, ఆ మాట దగ్గర్నుంచి నాకు నిద్ర పట్టట్లేదు.

ముందే చెప్తున్నా, నేనూ ఆదివారం చర్చికెళ్ళేదాన్నే. బయట నుంచి రాళ్ళేసే రకం కాదు. నా కోపమల్లా ఒకటే. ఆడవాళ్ళకి చర్చి నిజంగా ఇచ్చేది ఒకటుంది, దాని విలువ మనవాళ్ళకే తెలీదు. తెలిస్తే ఈ మిషన్ల దగ్గర ఆగిపోరు.

మా పిన్ని సంగతి చెప్తా. బాబాయి పోయాక రెండేళ్ళు ఆవిడ గడప దాటలేదు. ముప్పై ఏళ్ళ మనిషి, ఎక్కడికెళ్తానన్నా "ఎందుకూ? ఎవరితో?" అని ఇంట్లో అడుగుతారు, వీధిలో చూస్తారు. ఒక్క "కూడికకెళ్ళొస్తా" అనే మాటకి మాత్రం అత్తగారు కూడా నోరెత్తలేదు. చర్చిలో ఆ మంగళవారం స్త్రీల ప్రార్థన కూడికే ఆవిడకి దొరికిన మొదటి గాలి. అదే డ్వాక్రా మీటింగైతే వాయిదా గుర్తొస్తుంది. కట్టకపోతే గ్రూపు గ్రూపంతా గుమ్మంలో కూర్చుంటుంది. ఇక్కడ ఆ భయం లేదు.

మొదటిసారి సాక్ష్యం, అంటే దేవుడు తనకి చేసిన మేలు, అందరి ముందూ చెప్పమంటే మైకు రెండు చేతుల్తో పట్టుకుని, "నాకు... ప్రభువు..." అని కూర్చుండిపోయింది. చెమటకి మైకు తడిసింది, నేను తుడిచా. ఆరేడు నెలలకి పాట ఎత్తుకునేది తనే. తర్వాత కానుక లెక్కపెట్టి పుస్తకంలో రాసే పని ఇచ్చారు. రూపాయి తేడా వస్తే మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టేది. ఆ పుస్తకం రాసిన చెయ్యే తర్వాత బ్యాంకులో ఫారం తనంతట తను నింపింది. రేషన్ డిపోలో తూకం తగ్గితే, "మళ్ళీ పెట్టండి" అంది. ధైర్యం ప్రసంగం వింటే రాలేదండీ. అందరి ముందూ నోరు తెరవడం అలవాటయ్యి వచ్చింది.

పిన్నికీ ఓ ఏడు కుట్టుమిషన్ ఇచ్చారు. మా వీధిలో అది ఏడోది! జాకెట్లు పెళ్ళిళ్ళకీ, దసరాకీ, క్రిస్మస్‌కీ వస్తాయి. ఆషాఢంలో ఫాల్, పీకో కూడా రావు. నైటీలంటారా, సంతలో కుప్ప పోసి అమ్ముతున్నారు, కుట్టించుకునేదెవరు? ఏడాది తిరిగేసరికి ఆ మిషన్ మీద మడత బట్టలు పేర్చింది. ఆవిడకి పని ఎలా దొరికిందో తెలుసా? కూడికకొచ్చే ఒక నర్సమ్మ, "మా ఆస్పత్రిలో ఆయా కావాలంట, రేపు పొద్దున్నే నాతో రా" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. అంతే. ఫ్లెక్సీ లేదు, దాత లేడు. ఇప్పుడు నెలనెలా జీతం.

పనిముట్టు చేతిలో పెట్టి ఊరుకునే ఈ జబ్బు ఇవాళ పుట్టింది కాదు. మాది నరసాపురం పక్క. ఇక్కడి లేసు అల్లిక మిషనరీలు నేర్పిందే. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతులు కొత్తగా క్రైస్తవంలోకి వచ్చిన పేద ఆడవాళ్ళకి నేర్పారని చెప్తారు. మంచి పనే, ఆకలి తీర్చిన పని. తర్వాత వ్యాపారులొచ్చారు, ఏజెంట్లొచ్చారు, సరుకు సముద్రాలు దాటింది. గడప దాటని కాపుల ఇళ్ళలోకీ సూది చేరింది. అల్లేది ఆడవాళ్ళు, అమ్మేది మగవాళ్ళు. జర్మనీ నుంచి మరియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త ఇక్కడికొచ్చి అధ్యయనం చేసి 1982లో పుస్తకమే వేసింది. పూటంతా అల్లే మనిషిని "గృహిణి, ఖాళీ టైములో అల్లుకుంటుంది" అని తీసేయడం వల్లే కూలి అంత అడుగున ఉండిపోయిందని ఆవిడ అసలు మాట.

ఆ మాట నాకు పుస్తకం చెప్పక్కర్లేదు. మా అమ్మ దారం ఉండ దొర్లిపోకుండా స్టీలు గిన్నెలో పెట్టుకుని, మధ్యాహ్నం అంట్లయ్యాక మొదలెడితే దీపాలు పెట్టే దాకా అల్లేది. చూపుడువేలు మీద సూది రాసుకుని కాయ కాసింది. శనివారం ఏజెంటొచ్చి, "ఇక్కడ మాసిందమ్మా" అని కోత కోసేవాడు. ఎవరన్నా, "మీ ఆవిడేం చేస్తారు?" అంటే నాన్న, "ఏం చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది" అనేవారు. అమ్మ పక్కనే కూర్చుని అల్లుతూ ఉండేది!

2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఈ ఊరిదేనని ప్రభుత్వ ముద్ర, వచ్చింది. సంతోషం. మా అమ్మ వేలికి ఎప్పుడొస్తుందో మరి.

స్త్రీల కూడికల్లో ఎప్పుడు చూసినా బైబిల్లోని దొర్కా మీద ప్రసంగమే. విధవరాండ్రకి బట్టలు కుట్టిచ్చిన పుణ్యాత్మురాలు, కాదనను. అదే బైబిల్లో ఉన్న లూదియ ఏమైంది? ఊదారంగు పొడి అమ్ముకునే వ్యాపారస్తురాలు, సొంత ఇంటికి సువార్త చెప్తూ తిరిగే పౌలునే ఆతిథ్యానికి పిలిచిన మనిషి. ఆవిడ వ్యాపారం మీద ఒక్క ప్రసంగం నేను వినలేదు. సామెతల 31వ అధ్యాయం మాత్రం ప్రతి పెళ్ళిలో చదువుతారు. ఆ గుణవతి పొలం చూసి కొంటుంది, నేసి అమ్ముతుంది, చివర్లో చేసిన పనికి ప్రతిఫలం ఇవ్వాలని కూడా ఉంది. పాస్టరు అయ్యగార్లు అక్కడికొచ్చేసరికి ఆమెన్ అనేస్తారు.

పండిత రమాబాయి పుణే దగ్గర కేడ్గావ్‌లో దిక్కులేని ఆడవాళ్ళ కోసం ముక్తి సదనం నడిపినప్పుడు కుట్టుతో సరిపెట్టలేదు. నేత, వ్యవసాయం, ఏకంగా ప్రింటింగ్ ప్రెస్సు కూడా ఆడవాళ్ళ చేత నడిపించింది. వందేళ్ళ కిందటి మాట. మనం ఇంకా మిషన్‌కి రిబ్బను కడుతున్నాం.

మన సంఘాల కింద ఎన్ని స్కూళ్ళు, ఎన్ని హాస్టళ్ళు, ఎన్ని ఆస్పత్రులు! ఆ యూనిఫాంలు, ఆ దుప్పట్లు, ఆ కర్టెన్లు ఎవరు కుడుతున్నారు? టౌనులో హోల్‌సేల్ షాపు. ఆ ఆర్డరులో సగం మన ఆడవాళ్ళకిస్తే పదకొండు మిషన్లూ ఏడాది పొడుగునా తిరుగుతాయి. అకౌంటు ఆవిడ పేరు మీదే ఉండాలి, కూలి నేరుగా అందులోనే పడాలి. పని నేర్చుకోవడానికొచ్చిన హిందూ అమ్మాయినో ముస్లిం అమ్మాయినో "బాప్తిస్మం ఎప్పుడు?" అని అడిగేవాళ్ళున్నారు, వాళ్ళకో దండం. ఆకలితో ఉన్న మనిషి ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు.

ఈ పోస్టు పెట్టే ముందు పిన్నికి చదివి వినిపించా. వచ్చే మంగళవారం కూడికలో యూనిఫాంల సంగతి నేనే అడుగుతానన్నా.

"నువ్వు అరుస్తావు, పని చెడుద్ది. మైకు నాకియ్యి" అంది.