ముందు జీతాలు, తర్వాత సమానత్వమట!

యూనియన్ సమావేశాల్లో ఎప్పుడూ వినబడే మాట ఒకటుంది. "ముందు జీతాల సంగతి తేలనివ్వండి, ఈ సమానత్వం, సామాజిక న్యాయం తర్వాత చూద్దాం." ఆ మాట అనేవారు చెడ్డవారేమీ కారు. వారిలో చాలామంది సమ్మెల్లో దెబ్బలు తిన్నవారే, సస్పెన్షన్లు చూసినవారే. అందుకే ఎవరూ ఎదురు చెప్పరు. నాకు మాత్రం విన్న ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. ముందు ఎవరి జీతాలు? ఎవరి జీతాలు తర్వాత? అది కూడా చెప్పి కూర్చోవచ్చు కదా.

1968లో ఇంగ్లండ్‌లోని డాగెన్‌హామ్ ఫోర్డ్ కార్ల కర్మాగారంలో సీటు కవర్లు కుట్టే 187 మంది మహిళలు పని ఆపేశారు. యాజమాన్యం కొత్తగా గ్రేడ్లు వేసి, వారి పనిని తక్కువ నైపుణ్యం చాలనే 'బి' గ్రేడులో పడేసింది. ఆ పనిలో చేరాలంటే మాత్రం కుట్టు పరీక్షలో నెగ్గాలి! పైగా ఆ 'బి' గ్రేడు పురుషులకిచ్చే వేతనంలో వారికి దక్కేది 85 శాతమే. సీట్లు లేక కార్ల ఉత్పత్తి నిలిచిపోయింది. మూడు వారాలకు మంత్రి బార్బరా కాసిల్ కల్పించుకుంటే 92 శాతానికి ఒప్పందం కుదిరింది. 1970లో సమాన వేతన చట్టం వచ్చింది. సభల్లో అందరూ చెప్పేది ఇక్కడివరకే. వారు మొదట అడిగింది గ్రేడు మార్పు. అది రాలేదు. వారి పని నైపుణ్యం కలదేనని ఒప్పుకుని 'సి' గ్రేడు ఇవ్వడానికి 1984లో మరో సమ్మె కావలసి వచ్చింది. అంటే పదహారేళ్లు. పత్రికలకు సమాన వేతనం అనే మాట నచ్చింది, చట్టసభకూ నచ్చింది. కుట్టుపని కూడా విద్యేనని ఒప్పుకోవడం మాత్రం ఎవరికీ రుచించలేదు.

ఇప్పుడు చెప్పండి, ఆ గ్రేడు గొడవ జీతాల సమస్యా, సమానత్వ సమస్యా? వేతన ఒప్పందంలో గ్రేడ్ల పట్టిక ఉన్నంతకాలం ఈ రెండింటినీ విడదీసే మొనగాడు పుట్టలేదు.

అదే ఏడాది అమెరికాలోని మెంఫిస్ నగరంలో వర్షానికి చెత్త లారీ వెనుక భాగంలో తలదాచుకున్న ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు, చెత్తను నొక్కే యంత్రం కదలడంతో నలిగి చనిపోయారు. ఫిబ్రవరి 12న దాదాపు 1,300 మంది సమ్మెకు దిగారు. దాదాపు అందరూ నల్లజాతి వారే. యూనియన్‌కు గుర్తింపు, మెరుగైన వేతనం, భద్రత వారి డిమాండ్లు. చేతుల్లోని ప్లకార్డుల మీద మాత్రం "నేను మనిషిని" అని రాసి ఉంది. ఆ సమ్మెకు అండగా వెళ్లిన మార్టిన్ లూథర్ కింగ్‌ను ఏప్రిల్ 4న అక్కడే కాల్చి చంపారు. మరో పన్నెండు రోజులకు నగర పాలకులు యూనియన్‌ను గుర్తించి, వేతనం పెంచడానికి ఒప్పుకున్నారు. జాతి వివక్ష సంగతి తర్వాత చూద్దామని ఆ 1,300 మందికి ఎవరు చెప్పగలరు?

అయితే మన సంఘాల చరిత్రంతా ఇలా గర్వంగా చెప్పుకునేదేమీ కాదు. పాత విజయాల ఫొటోలు పంచుకునేవారు ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ బస్సుల సంగతి ఎత్తరు. అక్కడి రవాణా కార్మికుల యూనియన్ శాఖ నల్లజాతి వారిని బస్సు సిబ్బందిగా తీసుకోకూడదని 1955లో తీర్మానం చేసింది. యాజమాన్యం కాదండీ, యూనియనే చేసింది. వారొస్తే ఓవర్‌టైం తగ్గిపోతుందని, జీతాలు పడిపోతాయని భయం. చూశారా, అక్కడా జీతాలే ముందు! కంపెనీకి ఇంకేం కావాలి, ఆ సాకు వెనుక హాయిగా నిలబడింది. 1963లో పాల్ స్టీఫెన్‌సన్ వంటి యువకులు బస్సుల బహిష్కరణకు పిలుపునిచ్చి, నెలల తరబడి నడిపితేగానీ ఆ నిషేధం తొలగలేదు. ఆ యూనియన్ వారసత్వం అందుకున్న యునైట్ 2013లో క్షమాపణ చెప్పింది. యాభై ఏళ్ల తర్వాత!

అహ్మదాబాద్‌లోనూ ఇలాంటిదే జరిగింది. జౌళి కార్మికుల సంఘం నీడలో కార్మిక నాయకురాలు ఇలా భట్ 1972లో స్వయం ఉపాధి మహిళల సంఘం 'సేవ'ను ప్రారంభించారు. తలమీద బరువులు మోసేవారు, వీధుల్లో అమ్ముకునేవారు, ఇంటి దగ్గర కుట్టుపని చేసేవారు అందులో సభ్యులు. వీరికి యజమానే లేడు, ఇక యూనియన్ ఎవరి మీద పోరాడుతుందని రిజిస్ట్రేషన్ దగ్గరే పేచీ పెట్టారు. యూనియన్ ఉండేది యజమాని కోసం కాదు, కార్మికుల కోసమని ఒప్పించడానికి వారు చాలా వాదించాల్సి వచ్చింది. 1981లో రిజర్వేషన్ల వ్యతిరేక అల్లర్లు చెలరేగినప్పుడు ఇలా భట్ దళితుల పక్షాన గొంతెత్తారు. మాతృసంఘం ఏం చేసింది? సేవను బయటికి పంపింది. మిల్లు కార్మికుల్లో దళితులు ఎందరో ఉన్న నగరంలో, కార్మికుల పేరుతో నడిచే సంఘం చేసిన పని అది. ఆ మిల్లుల్లో చాలావరకు తర్వాత మూతపడ్డాయి. గెంటివేతకు గురైన సంఘం మాత్రం లక్షల సభ్యత్వానికి పెరిగింది.

ఇలాంటి విషయాలు కార్మికులను చీలుస్తాయని ఇంకో వాదన. ఎవరు చీల్చారయ్యా? ఒకే షెడ్డులో ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరు పర్మినెంటు, ఒకరు కాంట్రాక్టు. ఒకరికి సెలవులుంటాయి, ఇంకొకరికి రేపటి పనే అనుమానం. ఆ కాంట్రాక్టు వరుసలో ఏ కులాలవారు, ఏ ప్రాంతాలవారు, ఎందరు ఆడవాళ్లు ఉన్నారో ఒక్కసారి చూసి రండి. చీలిక హాజరు పట్టీలోనే ఉంది. దాని గురించి మాట్లాడినవారిది తప్పయిపోయింది. తక్కువ జీతానికి మనిషి దొరుకుతున్నంతకాలం ఎక్కువ జీతం వాడికీ భద్రత ఉండదు. ఈ లెక్క యాజమాన్యాలకు బాగా తెలుసు. తెలియనట్టు నటించేది మనమే.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ప్రపంచంలోని ప్రతి అన్యాయం మీదా తీర్మానం చేసి, చప్పట్లు కొట్టి, టీ తాగి వెళ్లిపోయే సంఘాలంటే నాకూ విసుగే. మహిళా దినోత్సవానికి బ్యానరు కడతారు. కార్యవర్గంలో పదవులున్న ఆడవాళ్లెవరని అడిగితే, కోశాధికారికి సహాయంగా ఒకామె ఉన్నారంటారు. సమావేశాలు రాత్రి ఎనిమిదికి పెడతారు. పిల్లలున్నవారు రాలేదంటే ఆసక్తి లేదని రాసుకుంటారు. వారి ఆసక్తి తెలుసుకోవాలంటే షిఫ్టు మధ్యలో అరగంట సమావేశం పెట్టి చూడండి.

నిజాయితీ తెలిసేది చర్చల బల్ల దగ్గర. కోర్కెల పత్రంలో ఇరవై అంశాలుంటాయి. పిల్లల సంరక్షణ కేంద్రం, లైంగిక వేధింపుల ఫిర్యాదులకు కమిటీ, దివ్యాంగులకు వసతులు, కాంట్రాక్టు కార్మికులకు సమాన వేతనం అన్నీ ఉంటాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అర్ధరాత్రి దాకా చర్చలు సాగి, యాజమాన్యం "నాలుగు వదులుకోండి, సంతకం చేద్దాం" అంటే ముందుగా జారిపోయేవి సరిగ్గా ఆ నాలుగే. పొద్దున గేటు దగ్గర విజయోత్సవం, పూలదండలు! వేధింపులను, హింసను పని ప్రపంచం నుంచి తొలగించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో 190వ ఒప్పందం చేసింది. ఇంటర్నులు, ఉద్యోగానికి దరఖాస్తు చేసుకున్నవారు, పనికి వెళ్లి వచ్చే దారి కూడా దాని పరిధిలోకి వస్తాయి. కార్మిక సంఘాలు ఏళ్ల తరబడి ఒత్తిడి తెస్తే వచ్చిన ఒప్పందం అది. అంత దూరంలో సాధించినదాన్ని మన చర్చల బల్ల మీద మనమే బేరానికి పెడుతున్నాం.

కనుక ఈసారి కార్యవర్గ ఎన్నికల్లో ఓటడగడానికి వచ్చేవారి దగ్గర నాకు ఉపన్యాసం వద్దు. గత ఒప్పందానికి మొదట ఇచ్చిన కోర్కెల పత్రం, చివరికి సంతకమైన పత్రం, రెండూ పక్కపక్కన పెట్టి నోటీసు బోర్డులో అంటించండి. మధ్యలో ఏవి కొట్టేశారో, కొట్టేయమని మన వైపు నుంచి ఎవరన్నారో కూడా రాయండి. అది చదివాక ఓటు సంగతి మాట్లాడుకుందాం.