ఆర్టీఈ సీటు పిల్లల గురించి ఆ ఫార్వర్డ్ దాటేసిన లెక్కలు

పోయిన వారం నుంచి బెజవాడ పటమట, మొగల్రాజపురం అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒక మెసేజీ తిరుగుతోంది. మా గ్రూపుకే మూడుసార్లొచ్చింది. సారాంశం ఇది: "విద్యాహక్కు చట్టం (ఆర్టీఈ) పేరుతో ప్రైవేటు స్కూళ్ళలో 25 శాతం సీట్లు ఉచితంగా ఇస్తున్నారు. వాళ్ళ ఫీజు మనం కడుతున్నాం. చదువు స్థాయి పడిపోతోంది. ఆ పిల్లలకే న్యూనత. వేరే సెక్షన్ పెడితే అందరికీ మంచిది." కింద వరసగా దండాలు, బొటనవేళ్ళు.

ఫీజు మాట సగం నిజం. చట్టం ప్రకారం ఆ డబ్బు ప్రభుత్వం స్కూలుకి తిరిగివ్వాలి. సర్కారు ఒక్కో విద్యార్థి మీద పెట్టే ఖర్చు, స్కూలు ఫీజు, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది. మన ఆంధ్రప్రదేశ్ మొదట కట్టిన రేటు పట్టణాల్లో 8,000, పల్లెల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100 రూపాయలు. బెజవాడ ఫీజులకి 8,000 ఏ మూలకి అని యాజమాన్యాలు అడిగితే న్యాయమే. ఆ పేచీ సర్కారుతో పెట్టుకోవాలి, ఒకటో తరగతి పిల్లాడితో కాదు. అయినా చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకొస్తే, ఇక్కడ ఈ సీట్లు నింపడం మొదలైంది 2022-23లో. ఆ మధ్యలో మన ఫీజులు పెరగకుండా ఆగాయా?

స్థాయి సంగతి ఢిల్లీలో కొలిచి చూశారు. అక్కడి ఖరీదైన స్కూళ్ళలో పేద పిల్లల్ని చేర్చుకున్నాక ఏమైందో ఆర్థికవేత్త గౌతమ్ రావు పరిశీలించారు, 2019లో అచ్చయింది. కలిగినవాళ్ళ పిల్లలకి లెక్కల్లో, హిందీలో తేడా రాలేదు. ఇంగ్లీషు మార్కులు కాస్త తగ్గాయి. అది దాచను. కానీ ఆ పిల్లల్లో ఉదారత పెరిగింది, పేదపిల్లల్ని దూరం పెట్టడం తగ్గింది.

ఇక న్యూనత. మెసేజీలో నన్ను ఆపిన మాట ఇదొక్కటే, ఎందుకంటే సమస్య ఉంది. మా అమ్మాయి క్లాసులో ఒక బాబుది ఆర్టీఈ సీటు, వాళ్ళ నాన్నది ఇడ్లీ బండి. యాన్యువల్ డే డాన్సు డ్రెస్సుకి తలా 1,200 అన్నారు. ఆ రోజు బాబుకి జ్వరం అని కబురొచ్చింది. మర్నాడు పొద్దున బండి దగ్గర చూస్తే గిన్నెలు అందిస్తూ హుషారుగా ఉన్నాడు. నాకు విషయం తెలియడానికి అంతసేపు పట్టింది, సిగ్గేసింది. మరుసటేడు నలుగురం కలిసి అడిగాం: తెల్లచొక్కా, ఇంట్లో ఉన్న ప్యాంటు చాలదా అని. "స్టేజీ మీద లుక్ రాదండీ" అన్నారు. చివరికి ఒప్పుకున్నారు. బాబు ముందు వరసలో ఆడాడు. వాడి న్యూనతకి మందు వేరే సెక్షన్ కాదు, మనం మానుకోగలిగిన 1,200 రూపాయలు. పుట్టినరోజు గిఫ్టు కవర్లూ, ఫీజు బాకీ పేర్లు క్లాసులో చదవడమూ ఆ కోవలోవే.

వేరే సెక్షన్ అంటారా, కేంద్ర నిబంధనలు సూటిగా కాదన్నాయి. ఈ పిల్లల్ని మిగతావాళ్ళ నుంచి విడిగా కూర్చోబెట్టకూడదు, వేరే వేళల్లో, వేరేచోట క్లాసులు పెట్టకూడదు. పుస్తకాలు, యూనిఫాం, ఆటల్లో తేడా చూపకూడదు. మెసేజీ రాసినాయన "వాళ్ళు" అని ఒక్క మాటలో తేల్చేశారు గానీ, మన రాష్ట్రంలో ఆ 25 ఇలా పంచారు: అనాథలు, హెచ్‌ఐవీ బాధిత పిల్లలు, దివ్యాంగులకి 5, ఎస్సీలకి 10, ఎస్టీలకి 4, ఆదాయం తక్కువున్న బీసీ, మైనారిటీ, ఓసీ పిల్లలకి 6. వీళ్ళందరినీ ఒక గదిలో పెట్టి తలుపు మీద 1-డి అని రాస్తే, ఆ డి అంటే ఏమిటో మిగతా పిల్లలకి వారం తిరక్కుండానే తెలిసిపోతుంది.