మల్లేశ్వరం మెసేజీలో పుట్టినవాళ్లే ఉన్నారు, పోయినవాళ్లు లేరు

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల గ్రూపులో ఈ వారం ఇది నాలుగోసారి. "1910 నాటి మల్లేశ్వరం! వాస్తు ప్రకారం తీర్చిన వీధులు. ఎవరి కులవృత్తి వారిది, ఒకరి కింద ఉద్యోగం లేదు. ఇంటికి పదిమంది పిల్లలు, అందరూ ఇంట్లోనే పుట్టారు. ఆసుపత్రి లేదు, టీకా లేదు, రోగం లేదు." కింద వరసగా దండాలు.

వాస్తు కాదండీ, ప్లేగు. 1898లో అది బెంగళూరును పట్టుకున్నాక, ఇరుకు పేటలు వదిలి వచ్చిన జనంతో మల్లేశ్వరం, బసవనగుడి పెరిగాయి. వెడల్పు రోడ్లు గాలి ఆడటానికి. ఇళ్ల వెనక సందులు పాకీవాళ్లు వచ్చిపోవడానికి. వాళ్ల వృత్తి గురించి మెసేజీలో ఒక్క ముక్క లేదు.

ఒకరి కింద ఉద్యోగం లేదా? అక్కడ ఇళ్లు కట్టుకున్నవాళ్లలో మైసూరు సర్కారు గుమస్తాలు, పంతుళ్లు, పింఛనుదార్లు బోలెడంత మంది. వదిలేద్దాం.

వదలలేనిది పిల్లల మాట. పదిమంది పుట్టారు సరే, ఎంతమంది దక్కారు? ఆ రోజుల్లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 200 మందికి పైగా ఏడాది నిండకుండానే పోయేవారు. ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే తర్వాతి బిడ్డను పెంట మీద దొర్లించి పెంటయ్య అనో, ఎంగిలి విస్తరాకులో (పుల్లాకులో) వేసి పుల్లయ్య అనో పిలిచేవాళ్లు. రోగమే లేకపోతే ఈ పేర్లు ముద్దొచ్చి పెట్టుకున్నారా? 1911 నుంచి 1921కి దేశ జనాభా పెరగకపోగా సుమారు 7.7 లక్షలు తగ్గింది. 1918 ఇన్‌ఫ్లుయెంజాకి మీ మెసేజీ అందలేదు కాబోలు.

టీకా లేదట! మశూచి టీకా 1802లోనే బొంబాయికి వచ్చింది. ప్లేగు టీకాను 1897లో హాఫ్‌కిన్ అనే శాస్త్రవేత్త అదే బొంబాయిలో తయారుచేశాడు.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. అప్పట్లో ఆసుపత్రిలో పురుడు పోసుకుంటే భయం లేదని నేనూ అనను. బాలింత జ్వరానికి పనిచేసే సల్ఫా మందులు 1930ల మధ్యలో గానీ రాలేదు. అంతవరకు చెయ్యి తిరిగిన మంత్రసానికి మొక్కినవాళ్లను తప్పు పట్టలేను. కానీ ఆ దిక్కులేనితనాన్నే వైభవమంటూ, కడుపుతో ఉన్న అమ్మాయిలున్న గ్రూపులో "స్కానింగులెందుకు?" అని రాస్తే ఒళ్లు మండదా?

అన్నట్టు, నాలుగోసారి పంపిన అంకుల్‌గారు మొన్న లిఫ్టులో కనిపించారు. మనవడి టీకా డేటు దాటిపోతోందని ఒకటే టెన్షన్.