ఫోర్ట్ మెక్‌మర్రీ హైడ్రోవాక్ గారికి స్వాంపర్ రాయునది ఏమనగా

కెనడా చలిలో వేడినీళ్ళు కొట్టి నేల తవ్వి, ఆ బురదంతా గొట్టంతో పీల్చేసే ట్రక్కు, శ్రీ హైడ్రోవాక్ గారికి, తమరి హెల్పర్, అంటే ఇక్కడోళ్ళ భాషలో స్వాంపర్, నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం, ముక్కు ఇంకా మొహం మీదే ఉంది. తమరి క్షేమం అడగక్కర్లేదు, అది చూసుకునే ఖర్మ కూడా నాదే కదా.

అసలు నాకు మొదట్నుంచీ ఒకటే డౌటు. మరిగే నీళ్ళు గాల్లోకి విసిరితే కిందపడేలోపే పొగైపోయే ఊళ్ళో, నీళ్ళతో గొయ్యి తవ్వుదామన్న ఐడియా ఎవడికొచ్చిందండీ? మా నాన్న పొద్దున్నే గునపం పట్టుకుంటే అన్నం వేళకి నడుం లోతు దిగిపోయేవాడు, బాయిలర్ లేదు బ్లోయర్ లేదు. సరే, మా ఊళ్ళో నేల రాయిలా గడ్డకట్టదు, ఒప్పుకుంటా. అక్కడ జేసీబీ ఒక్క గీటు గీకితే వీధి మొత్తానికి రెండ్రోజులు నీళ్ళుండవు, అదీ ఒప్పుకుంటా. ఇక్కడ గీకితే తెగేది గ్యాస్ లైను, అందుకే ఈ ఆల్బర్టా రాష్ట్రంలో, కింద లైనుందని నేల మీద పెట్టిన మార్కింగుకి అటు మీటరు ఇటు మీటరు మిషన్ బకెట్ దించకూడదు, చేత్తో తవ్వుకోవాలి, లేదా తమర్ని పిలవాలి. చేత్తోనా, మైనస్ 35లోనా? అదిగో అక్కడ దొరికిపోయాం తమరికి.

తమరి మీటరు మాత్రం యార్డులో తాళం తిప్పగానే మొదలు. దారంతా బిల్లే, సేఫ్టీ కాగితం నింపుతున్నా బిల్లే, పెన్నులో ఇంకు గడ్డకట్టి నేను చంకలో పెట్టుకుని కూర్చున్నా బిల్లే.

నిన్నటి సంగతే చూడండి. పసుపు జెండా పాతిన చోట పైపు ఉందని డ్రాయింగు చెప్పింది, వేడినీళ్ళు కొట్టాం, తొడ లావు గొట్టం బురదంతా జుర్రుకుంది, పైపు లేదు. రెండడుగులు జరిగాం, లేదు. మూడో గొయ్యిలో ఆవిరి కాస్త పక్కకి తొలిగాక అడుగున కనిపించింది, పసుపు రాసిన పెళ్ళికూతురిలా తల దించుకుని, ఒక్క గీత పడకుండా. నిజం చెప్పాలంటే ఆ నిమిషం తమరి మీద కోపం రాలేదు. వెంటనే వచ్చింది లెండి, ఎందుకంటే పీల్చిన మట్టి బురదైపోయింది కదా, తిరిగి పొయ్యడానికి పనికిరాదు, దాన్ని డంపింగుకి మోసుకెళ్ళి పారబొయ్యాలి, గొయ్యి పూడ్చడానికి ఇసుక వేరే తెప్పించాలి, ఈలోగా ట్యాంకులో బురద గడ్డకడితే ఇక అంతే.

ఇంతలో తమరి వాటర్ గన్ బిగుసుకుపోయింది. భూమిని కరిగించే తమర్ని కరిగించడానికి నేను టైగర్ టార్చ్, అదే గ్యాస్ మంట గొట్టం, వెలిగించుకుని దాని చుట్టూ హారతి పట్టినట్టు తిప్పుతుంటే ఆపరేటర్ క్యాబిన్‌లో హీటర్ పెట్టుకుని కాఫీ తాగుతున్నాడు. గ్లవ్స్ విప్పితే అవి నా వేళ్ళ షేపులోనే నిలబడ్డాయి, కాసేపు ఎవరి చేతులో అనుకున్నా.

మళ్ళీ రాత్రి కూడా వదలరు. క్యాంపులో షెడ్డు లేదని తెల్లార్లూ ఇంజన్ ఆన్‌లోనే, సరిగ్గా నా కిటికీ కింద, గుడగుడగుడ. నెల రోజుల్నుంచి తిట్టుకుంటూనే పడుకుంటున్నా. రాత్రి రెండింటికి ఉలిక్కిపడి లేచా, సౌండ్ లేదు. చచ్చాం, ఆగిపోయింది, తెల్లారేసరికి నీళ్ళ ట్యాంకు పగిలిపోద్దని ప్యాంటు మీద ప్యాంటు వేసుకుని పరిగెత్తా. ఆగింది పక్క ట్రక్కు. తమరు గుడగుడమంటూనే ఉన్నారు, అలవాటైపోయి నాకే వినపడ్లేదు.

ఇట్లు,
తమరి స్వాంపర్