ఆణిముత్యాన్ని అటకెక్కించడం ఎలా?

ఐస్ హాకీ ఛాంపియన్లకిచ్చే స్టాన్లీ కప్పు మీద కన్నేసిన జట్టుకు కష్టాలు రకరకాలుగా వస్తాయి. గోలీకి (గోల్‌కీపర్‌కు) మోకాలు పట్టేస్తుంది, కెప్టెన్‌కు భుజం జారుతుంది, జట్టు జీతాల మీద పరిమితి పెట్టే శాలరీ క్యాప్ పీకల మీదికొస్తుంది. వీటన్నిటికీ ఏదో ఒక మందుంది. మందే లేని కష్టం ఇంకొకటుంది. 19 ఏళ్ల కుర్రాడొకడు ట్రైనింగ్ క్యాంపుకొచ్చి, ఎవరూ అడక్కుండానే బ్రహ్మాండంగా ఆడేయడం.

ఇలాంటి ఆపద ముంచుకొచ్చినప్పుడు ఏం చెయ్యాలో ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్ పెద్దలకు బాగా తెలుసు. తరాలుగా వస్తున్న ఆచారం అది. ఆ విలువ తెలియని కొందరు అభిమానులు "బాగా ఆడుతున్నాడు కదా, ఆడించొచ్చుగా!" అంటూ చిన్నపిల్లల్లా మారాం చేస్తున్నారు. వాళ్ల కళ్లు తెరిపించడానికే ఈ నాలుగు మాటలు.

ముందు చోటు సంగతి చూద్దాం. మ్యాచ్‌కు బరిలో దిగేది 20 మంది. ఇద్దరు గోలీలు పోగా 18 మంది. అందులో మామూలుగా 12 మంది ఫార్వర్డ్‌లు, ముగ్గురేసి చొప్పున నాలుగు లైన్లు. మొదటి రెండు లైన్ల పని గోల్స్ కొట్టడం. మూడో లైన్ పని అవతలివాళ్లు కొట్టకుండా చూడడం. నాలుగో లైన్ వాళ్లు వెళ్లి నాలుగు గుద్దులు గుద్ది, బోర్డులు అదరగొట్టి, మిగతావాళ్లు ఊపిరి పీల్చుకునేలోపు తిరిగొచ్చి కూర్చోవాలి. మన కుర్రాడికి వచ్చిన విద్య గోల్స్ కొట్టడం. కాబట్టి నాలుగో లైన్లో వేస్తారు. ఇందులో తర్కం కనబడనివాళ్లకు హాకీ అర్థం కాలేదన్నమాట.

పై రెండు లైన్లలో ఎందుకు వెయ్యరంటే, అక్కడ పెద్దమనుషులున్నారు. వాళ్లలో ఒకాయనకు ఇంకా నాలుగేళ్ల కాంట్రాక్టు మిగిలుంది. కాళ్లలో వేగం మాత్రం రెండేళ్ల కిందటే అయిపోయింది. అయినా ఆ కాంట్రాక్టు మీద సంతకం పెట్టిన జనరల్ మేనేజర్ ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆయన మొదటి లైన్లోనే ఉంటాడు. ఆయన్ని కిందికి దించితే ఆట బాగుపడొచ్చేమో కానీ సంతకం తప్పని తేలిపోతుంది. ఏది ముఖ్యమో మీరే చెప్పండి.

నాలుగో లైన్ మహిమకు సాక్ష్యం కావాలా? 1997 డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) అందరికంటే ముందు ఎంపికైన జో థార్న్‌టన్‌ను బోస్టన్ మొదటి ఏడు ఎలా పెంచిందో చూడండి. 55 మ్యాచ్‌లు, 3 గోల్స్, 4 అసిస్ట్‌లు (గోల్‌కు దారితీసిన పాస్‌లు). నిజానికి బోస్టన్ అంతకుముందు ఏడే లీగ్ మొత్తంలో అట్టడుగున ఉంది. పోగొట్టుకోవడానికి ఏమీ లేని జట్టు కూడా ఆచారం తప్పలేదు, అదీ నిష్ఠ అంటే. ఆ శిక్షణ ఫలితంగా థార్న్‌టన్ 2006లో లీగ్‌లోకెల్లా విలువైన ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు. ఆ సీజన్ మధ్యలోనే బోస్టన్ అతన్ని శాన్ హోజేకు ఇచ్చేసిందన్నది మనకు అనవసరం.

ఇక మంచు మీద ఏం జరుగుతుందో దగ్గర్నుంచి చూద్దాం. రెండో పీరియడ్ సగం అయింది. కుర్రాడు అప్పటిదాకా ఆడింది మూడు నిమిషాలు. పక్ (ఆడే బిళ్ల) తీసుకుని అవతలి బ్లూ లైన్ (వాళ్ల రక్షణ ప్రాంతం మొదలయ్యే గీత) దగ్గరికొచ్చాడు. ఎదురుగా ఇద్దరు డిఫెన్స్‌మెన్. బుద్ధిమంతుడైతే పక్‌ను మూలకు కొట్టేసి, బెంచ్‌కొచ్చి కూర్చుంటాడు. వీడు మాత్రం ఇద్దరి మధ్య సందు కనబడిందని దూరాడు. కర్ర కొసకు తగిలి పక్ జారిపోయింది. ఇంకేముంది, అవతలివాళ్లు ఇద్దరు, మనవాడు ఒక్కడు. గోలీ కాలు చాపి ఆపేశాడు కాబట్టి సరిపోయింది. గోల్ పడలేదు. కుర్రాడు తలుపు తీసుకుని లోపలికొచ్చి, బెంచ్ చివర్లో కూర్చుని నీళ్ల సీసా అందుకున్నాడు. వెనకాల కోచ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తర్వాతి షిఫ్ట్‌కు (మంచు మీద ఒక విడత ఆటకు) పిలవాల్సినప్పుడు ఆయన చెయ్యి వీడి భుజం దాటి పక్కవాడి భుజం మీద పడింది. ఆ రాత్రి వీడి భుజం మీద మళ్లీ పడలేదు.

మూడో పీరియడ్‌లో 33 ఏళ్ల పెద్దాయన అదే చోట, అదే పని చేశాడు. ఈసారి గోల్ పడింది. కోచ్ ఆయన వీపు తట్టాడు. మ్యాచ్ అయ్యాక విలేకరులు అడిగితే, "సీనియర్ ఆటగాడు కదా, ఏదో సృష్టించాలని తాపత్రయపడ్డాడు" అన్నాడు. కుర్రాడి గురించి అడిగితే, "ఇంకా నేర్చుకోవాల్సింది చాలా ఉంది" అన్నాడు. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అని మనవాళ్లు ఊరికే అన్నారా?

ఆ నేర్చుకోవాల్సిన దానికి '200 అడుగుల ఆట' అని పేరు. రింక్ పొడవు 200 అడుగులు. ఈ కొస నుంచి ఆ కొసదాకా దాడిలోనూ రక్షణలోనూ బాధ్యతగా ఆడాలని దాని భావం. కుర్రాడికి దొరికే ఏడెనిమిది నిమిషాల్లో అది నేర్చుకోవడం కష్టం కాబట్టి, మిగతా యాభై నిమిషాలూ కూర్చుని నేర్చుకోమంటారు. పవర్ ప్లేలో, అంటే పెనాల్టీ పడి అవతలివాళ్లకు ఒకడు తగ్గినప్పుడు, ఆడితే చెయ్యి తిరుగుతుంది కదా అంటారా? ఆడిస్తున్నారు కూడా. రెండు నిమిషాల పెనాల్టీలో మొదటి యూనిట్ నిమిషంన్నర దాటినా బయటికి రాదు. ఆయాసం ముంచుకొచ్చి వాళ్లు కదిలేసరికి రెండో యూనిట్‌కు మిగిలేవి ఇరవై చిల్లర సెకన్లు. అందులో సగం వెనక్కెళ్లి పక్ తెచ్చుకోవడానికే సరిపోతాయి. సీజన్ చివర్లో మాత్రం "పవర్ ప్లేలో అవకాశమిచ్చినా గోల్స్ కొట్టలేదు" అని కుర్రాడి ఖాతాలో పడుతుంది.

అనుభవం లేనిదే ఆడించరు, ఆడించనిదే అనుభవం రాదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. ఈ చిక్కుముడిని విప్పాలని అభిమానులు చూస్తారు. యాజమాన్యాలు విప్పవు, దాని మీదే జట్టును కట్టుకుంటాయి.

ఇందులో పద్దులు చూసే గుమస్తాకూ పాత్ర ఉంది. 18, 19 ఏళ్ల ఆటగాడు తొమ్మిది మ్యాచ్‌ల వరకు ఆడితే అతని మొదటి కాంట్రాక్టు గడియారం తిరగదు, కాంట్రాక్టు ఏడాది వాయిదా పడుతుంది. పదో మ్యాచ్ ఆడితే ఒక ఏడాది ఖర్చయిపోతుంది. అందుకే తొమ్మిదో మ్యాచ్ అయ్యేసరికి ఎంత ప్రతిభావంతుడి ఆటలోనైనా హఠాత్తుగా లోపాలు కనబడతాయి. ఇది నేను చాలా గమనించి కనిపెట్టిన శాస్త్రం. ఎనిమిదో మ్యాచ్‌దాకా 'నిర్భయంగా' ఆడినవాడు తొమ్మిదో మ్యాచ్‌కల్లా 'తొందరపాటు' మనిషి అవుతాడు.

కెనడా జూనియర్ లీగ్‌ల నుంచి వచ్చినవాడైతే పరిస్థితి ఇంకా రంజుగా ఉంటుంది. 20 ఏళ్లు రాకముందు అలాంటివాణ్ణి కిందిస్థాయి ప్రొఫెషనల్ లీగైన ఏహెచ్ఎల్‌కు పంపకూడదన్నది ఏళ్లుగా నడిచిన ఒప్పందం. పైనన్నా ఉంచుకోవాలి, జూనియర్స్‌కన్నా పంపాలి. జూనియర్స్‌లో ఆడిస్తే మ్యాచ్‌కు మూడు పాయింట్లు (గోల్స్, అసిస్ట్‌లు కలిపి) కొట్టి విసుగెత్తిపోతాడు. పైన ఆడిద్దామంటే పెద్దమనుషులున్నారు. అప్పుడు గుర్తొస్తుంది ప్రెస్ బాక్స్.

అరీనా పైకప్పుకు దగ్గర్లో, విలేకరులు కూర్చునే చోటు అది. గాయం ఏమీ లేకుండా పక్కన పెట్టిన ఆటగాణ్ణి సూటూ టై కట్టించి అక్కడ కూర్చోబెడతారు. చేతిలో పాప్‌కార్న్ ఉంటుంది. "పైనుంచి చూస్తే ఆట వేగం తగ్గినట్టుంటుంది, బాగా అర్థమవుతుంది" అని కోచ్‌లందరూ ముక్తకంఠంతో చెబుతారు. నిజమే అయ్యుండాలి. ఆ లెక్కన ఇరవై ఏళ్లుగా అక్కడే కూర్చుని రాస్తున్న విలేకరులను ఈపాటికి మొదటి లైన్లో దింపాలి.

డెట్రాయిట్ వాళ్లు ఈ విద్యను ఇంకో మెట్టు ఎక్కించారు. 2016 దాకా వరసగా 25 సీజన్లు ప్లే ఆఫ్స్‌కు (లీగ్ దశ తర్వాత కప్పు కోసం జరిగే పోటీలకు) వెళ్లిన జట్టు అది, మాటలు కాదు. కుర్రాళ్లను గ్రాండ్ ర్యాపిడ్స్‌లోని తమ ఏహెచ్ఎల్ జట్టులో పండేదాకా కాదు, మరీ మగ్గిపోయేదాకా ఉంచుతామని వాళ్లు గర్వంగా చెప్పుకునేవారు. 2013లో గుస్తావ్ నైక్విస్ట్‌కు 24 ఏళ్లు వచ్చాయి. సిద్ధంగా ఉన్నాడని అందరికీ తెలుసు. కానీ కొందరు సీనియర్లను కిందికి పంపాలంటే వేవర్స్ మీద పెట్టాలి, ఏ జట్టయినా ఎగరేసుకుపోవచ్చు. నైక్విస్ట్‌ను పంపితే ఆ బెడద లేదు. అందుకని అతన్నే పంపారు. నవంబరులో చోటు దొరికి పైకొచ్చి 57 మ్యాచ్‌ల్లో 28 గోల్స్ కొట్టాడు. ఇది చూసి "అక్టోబరులోనే ఆడించాల్సింది" అన్నవాళ్లున్నారు. నా ఉద్దేశంలో ఇంకో ఆరు నెలలు ఆగితే 40 కొట్టేవాడు.

ఆచారం తప్పినవాళ్లు లేకపోలేదు. 1971లో మాంట్రియల్ వాళ్లు ఆరంటే ఆరు లీగ్ మ్యాచ్‌లు ఆడిన కెన్ డ్రైడెన్ అనే గోలీని ప్లే ఆఫ్స్‌లో నిలబెట్టేశారు. అతను కప్పు గెలిపించి, ప్లే ఆఫ్స్ ఉత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ పట్టుకుపోయాడు. ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి ఆ మరుసటేడు వచ్చింది. వరసా వావీ లేని వ్యవహారం! 2017లో పిట్స్‌బర్గ్ కొత్త కుర్రాడు జేక్ గెంట్జెల్ ప్లే ఆఫ్స్‌లో 13 గోల్స్ కొట్టి కప్పు గెలిచినవాళ్లలో నిలిచాడు.

2019లో కొలరాడో చేసిన పని మరీ ఘోరం. కేల్ మకార్ శనివారం రాత్రి యూనివర్సిటీ జట్టు తరఫున జాతీయ ఫైనల్ ఆడి ఓడిపోయాడు. ఆదివారం కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు. సోమవారం కాల్గరీ మీద ప్లే ఆఫ్ మ్యాచ్‌లో దింపేశారు. ప్రెస్ బాక్స్ లేదు, పాప్‌కార్న్ లేదు, కనీసం ఒక ఏడాది నాలుగో లైన్ లేదు. అతను మొదటి పీరియడ్‌లోనే గోల్ కొట్టాడు. మూడేళ్ల తర్వాత కొలరాడో కప్పు గెలిచినప్పుడు కాన్ స్మైత్ అతనికే వచ్చింది కానీ, పద్ధతిగా పెరగలేదన్న వెలితి వెలితే.

డాలస్ ఇంకా దారుణం. 2022లో 19 ఏళ్ల వాయట్ జాన్‌స్టన్‌ను ఏకంగా జట్టులో పెట్టుకుంది. అతన్ని తన ఇంట్లో ఉంచుకున్నది జట్టులోని పెద్దాయన జో పవెల్స్కీ. అంటే సీనియర్ ఉన్నది కుర్రాడి చోటు ఆక్రమించడానికి కాదు, చోటివ్వడానికి అనే ప్రమాదకరమైన సంకేతం. ఆ సీజన్లో జాన్‌స్టన్ 24 గోల్స్ కొట్టాడు. ప్లే ఆఫ్స్‌లో సియాటిల్ మీద సిరీస్ తేల్చే ఏడో మ్యాచ్‌లో గెలుపు గోల్ కూడా అతనిదే. మిగతా జట్ల సీనియర్లు ఇళ్లకు తాళాలు వేసుకోవాలి.

కుర్రాణ్ణి ఎక్కడ పెట్టాలో బొత్తిగా తోచకపోతే దివ్యమైన మార్గం ఉండనే ఉంది. ఎవరికో ఇచ్చెయ్యడం. 2013 ఏప్రిల్‌లో వాషింగ్టన్ తమ మొదటి రౌండ్ డ్రాఫ్ట్ కుర్రాడు ఫిలిప్ ఫోర్స్‌బర్గ్‌ను నాష్‌విల్‌కు ఇచ్చి, 31 ఏళ్ల మార్టిన్ ఎరాట్‌నూ ఇంకో ఆటగాణ్ణీ తెచ్చుకుంది. కప్పు కొట్టడానికి అనుభవం కావాలి మరి. ఆ ఏడు మొదటి రౌండ్‌లోనే ఇంటికెళ్లింది. ఎరాట్ ఏడాది తిరిగేలోపే వెళ్లిపోయాడు. ఫోర్స్‌బర్గ్ నాష్‌విల్ చరిత్రలోనే అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడయ్యాడు. కానీ చూడండి, అతనికి లైనప్‌లో చోటెక్కడన్న ప్రశ్న వాషింగ్టన్‌ను మళ్లీ ఎప్పుడూ బాధించలేదు.

అన్నిట్లోకీ నాకు నచ్చిన ఉదాహరణ టైలర్ సెగిన్. 2010 డ్రాఫ్ట్‌లో రెండోవాడు. బోస్టన్ అప్పటికి కప్పు గెలవగల జట్టు. 2011 ప్లే ఆఫ్స్ మొదటి రెండు రౌండ్లు కోచ్ క్లోడ్ జూలియన్ అతన్ని ఒక్క మ్యాచ్ కూడా ఆడించలేదు. 11 మ్యాచ్‌లు సూటులో కూర్చోబెట్టాడు. పాట్రిస్ బెర్జెరాన్ తలకు దెబ్బ తగిలి పక్కకు తప్పుకోవడంతో మూడో రౌండ్‌కు దింపక తప్పలేదు. టాంపా బే మీద మొదటి మ్యాచ్‌లో ఒక గోల్, ఒక అసిస్ట్. రెండో మ్యాచ్ ఒక్క పీరియడ్‌లోనే రెండు గోల్స్, రెండు అసిస్ట్‌లు. బోస్టన్ 6-5తో గెలిచింది. ఆ తర్వాత ఆడిన 11 మ్యాచ్‌ల్లో సెగిన్‌ది ఒకే పాయింటు, బోస్టన్‌ది కప్పు. ఇక జూలియన్‌ను ఎవరేమంటారు? పక్కన పెట్టడమూ సరైనదే, దింపడమూ సరైనదే. గెలిచిన కోచ్‌కు రెండు వైపులా పదునే.

రెండేళ్ల తర్వాత, 2013 జూలై 4న, 21 ఏళ్ల సెగిన్‌కు బాధ్యత తెలియలేదని బోస్టన్ ఓ నిర్ణయానికొచ్చింది. అతన్ని ఇంకో ఇద్దరితో కలిపి డాలస్‌కు ఇచ్చి, బదులుగా నలుగురిని తెచ్చుకుంది. నలుగురూ పద్ధతి గల మనుషులే. సెగిన్ ఆ వెంటనే డాలస్‌లో 80 మ్యాచ్‌ల్లో 84 పాయింట్లు చేశాడు, అదీ మొదటి లైన్లో. బోస్టన్ తెచ్చుకున్న నలుగురిలో ఒకణ్ణి వేవర్స్‌లో వేరే జట్టు పట్టుకుపోయింది, ఒకణ్ణి బోస్టనే ఇంకో జట్టుకు ఇచ్చేసింది, మిగతా ఇద్దరూ కాంట్రాక్టులు అయిపోగానే తమ దారిన తాము పోయారు. 2017 వేసవికల్లా నలుగురి చోట్లూ ఖాళీ. కుర్రాళ్లెవరైనా ఉంటే పంపండి, నాలుగో లైన్లో చూద్దాం.