పంపు పనిచేస్తోందా?

ఆఫ్రికాలో పిల్లలు మంచినీళ్ల కోసం చాలా దూరం నడుస్తారని 1998లో కెనడాలోని ఒక బడిలో టీచర్ చెప్పారు. విన్నవాళ్లలో రయాన్ అనే ఆరేళ్ల పిల్లాడు ఉన్నాడు. 70 డాలర్లుంటే బావి వచ్చేస్తుందనుకుని, నాలుగు నెలలు ఇంట్లో పనులు చేసి ఆ డబ్బు కూడబెట్టాడు. తీరా తీసుకెళ్తే, దాంతో చేతిపంపు మాత్రమే వస్తుందని, బోరు వేయాలంటే 2,000 డాలర్లు కావాలని చెప్పారు. వాడు మళ్లీ పనిలో దిగాడు. చూసినవాళ్లూ తలో చెయ్యి వేశారు. 1999లో ఉత్తర ఉగాండాలోని అంగోలో ప్రాథమిక పాఠశాల దగ్గర నీళ్లు పడ్డాయి.

ఈ సంగతి చెప్పేవాళ్లు ఎక్కువగా పిల్లాడి మంచి మనసు దగ్గరే ఆగిపోతారు. మాకు మాత్రం మధ్యలో వచ్చిన ఆ చేదు లెక్కే ముఖ్యం అనిపిస్తుంది. తన డబ్బు దేనికి సరిపోతుందో, దేనికి చాలదో ఆరేళ్లవాడికి దాచకుండా చెప్పారు. బడుల్లో పేద దేశాల పిల్లల కోసం సాగే వసూళ్లలో ఈ మాట వినబడేది తక్కువ. డబ్బా వస్తుంది, నిండుతుంది, చెక్కు పట్టుకుని ఫొటో దిగుతారు, అక్కడితో సరి. చాలాసార్లు ఆ డబ్బు పిల్లలది కూడా కాదు, అమ్మానాన్నల జేబులోది. పైగా ఏ సెక్షన్ ఎక్కువ తెచ్చిందో అని పోటీ పెడతారు. ఎక్కడో ఉన్న పేదపిల్లల కోసం మొదలుపెట్టిన పని, ఇవ్వలేని పిల్లాణ్ని సొంత క్లాసులోనే తలదించుకునేలా చేస్తుంది.

నార్వేలో 1964 నుంచి వేరే పద్ధతి నడుస్తోంది. విద్యార్థులు ఏడాదిలో ఒకరోజు బడికి బదులు ఏదో ఒక పనికి వెళ్తారు. ఆ రోజు కూలి మరో దేశంలోని పిల్లల చదువుకు వెళ్తుంది. ‘ఆపరేషన్ డాగ్స్‌వెర్క్’ అంటారు దాన్ని. డాగ్స్‌వెర్క్ అంటే ఒకరోజు పని. డబ్బు ఎవరికి ఇవ్వాలో విద్యార్థి ప్రతినిధులే ఓటేసి తేలుస్తారు. పనిరోజుకు ముందు ఆ దేశం గురించి చదువుకుంటారు కూడా. చెమట వాళ్లది, నిర్ణయమూ వాళ్లదే.

డబ్బాల మీద అతికించే ఫొటోల గురించి కూడా ఒక మాట. ఏడుస్తున్న పిల్ల బొమ్మ వేస్తే చిల్లర ఎక్కువ రాలుతుందేమో. కానీ ఆ పిల్లకూ ఒక పేరుంటుంది. ఆమె కూడా లెక్కల పరీక్షంటే టెన్షన్ పడుతుంది. తన ఏడుపు ముఖం ఏదో దేశంలో డబ్బాకెక్కిందని తెలిస్తే ఏమనుకుంటుందో అడిగిన బడి ఏదైనా ఉందా?

అవతలివాళ్లను అడగకుండా సాయం చేయబోయి పెద్దవాళ్లే బోల్తాపడ్డారు. పిల్లలు రంగులరాట్నం తిప్పుతూ ఆడుకుంటుంటే నీళ్లు పైకొచ్చే ‘ప్లేపంప్’ల మీద 2006 ప్రాంతంలో ఎక్కడలేని మోజు పుట్టింది. ఒక్కోదానికి దాదాపు 14 వేల డాలర్లు. మరి పిల్లలు ఎంతసేపని తిప్పుతారు? ఆట ముగిశాక ఆ చక్రం ఆడవాళ్ల మెడకు చుట్టుకుంది. పాత చేతిపంపే నయం అన్న ఊళ్లున్నాయి.

ఇక ప్రభుత్వాల సంగతి. సంపన్న దేశాలు తమ జాతీయాదాయంలో 0.7 శాతం పేద దేశాలకు ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి 1970లోనే చెప్పింది. ఆ మాట నిలబెట్టుకున్న దేశాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అమెరికా అయితే తన సహాయ సంస్థ యూఎస్ఎయిడ్‌నే 2025 జూలైలో మూసేసింది. ఈ లోటు పిల్లల డబ్బాలతో పూడేది కాదు, పూడ్చాల్సింది పిల్లలూ కాదు. పెద్ద తరగతుల్లో ఈ 0.7 లెక్క కూడా చెబితే, చిల్లర వేసే పిల్లలే రేపు ఓటేసేటప్పుడు నిలదీస్తారు.

సహారాకు దిగువనున్న ఆఫ్రికాలో చేతిపంపుల్లో దాదాపు మూడోవంతు పనిచేయడం లేదని 2009 నాటి ఒక అంచనా. వాషర్ అరిగిపోతుంది, సామాన్లు దొరకవు, బాగుచేసే మనిషి ఉండడు. రిపేరుకు చందా అడిగితే ఎవరికీ ఫొటో దిగాలనిపించదు. అందుకే బడులను మేం కోరేది ఒకటే: ఈ ఏడాది కొత్త డబ్బా పెట్టేముందు, పోయినేడాది పంపిన డబ్బుతో ఏం వచ్చిందో, అది ఇప్పుడెలా ఉందో ఉదయం అసెంబ్లీలో చదివి వినిపించండి. పాడైపోయి ఉంటే ఆ మాటే చెప్పండి. కొత్త డబ్బా దాని రిపేరుకే పెట్టొచ్చు.